రంగు కంటే ముందు అనుమానం: కణజాలంలో పరాన్నజీవిని పట్టుకోడానికి ఏ స్టెయిన్ వాడాలి

మొగల్తూరు, నరసాపురం వైపు వెనామీ రొయ్య చెరువుల్లో ప్రతి పంటకీ ఎక్కడో ఒకచోట ఇదే జరుగుతుంది. అరవై రోజులు దాటిపోయాయి, మేత తింటోంది, చావులు పెద్దగా లేవు, కానీ కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయి అన్న లెక్క, మాత్రం కదలదు. విసురు వల వేస్తే ఒకే వలలో వేలెడు రొయ్యా, దానిలో సగం కూడా లేని రొయ్యా కలిసి పడతాయి. తర్వాత ఓ పొద్దున్న గాలి కొట్టే మూలలో తెల్లటి దారాల్లాంటి రెట్ట తేలుతూ కనపడుతుంది, చెక్ ట్రేలో కూడా అదే. ఓ పది రొయ్యలు పట్టుకుని దగ్గర్లో ఉన్న ల్యాబ్‌కి తీసుకెళ్తారు, అక్కడ హెచ్‌పీ అంటే హెపాటోపాంక్రియాస్, రైతులు లివర్ అంటారు, దాన్నుంచి చిన్న ముక్క తీసి స్లైడ్ మీద పెట్టి కవర్ స్లిప్‌తో నొక్కి చూస్తారు. గాజులా మెరుస్తూ పొడుగ్గా పురుగుల్లాంటివి బోలెడు కనపడతాయి. "గ్రెగరైన్ అండి, పురుగు పట్టింది" అని రాసిచ్చేస్తారు, సాయంత్రానికి మేతలో పురుగు మందు కలిసిపోతుంది.

ఆ పురుగు చాలాసార్లు పురుగే కాదు. థాయ్‌లాండ్ పరిశోధకులు 2014లో దీన్ని విడమర్చి చూపించారు. హెచ్‌పీ అంటే సన్నటి గొట్టాల కట్ట, ఆ గొట్టాల లోపలి కణాల మీద నూగులాంటి మైక్రోవిల్లై ఉంటాయి, ఆ నూగు ఊడిపోయి ఒకదానికొకటి చుట్టుకుని పురుగు ఆకారంలోకి వచ్చేస్తుంది. రొయ్య ఒంట్లోంచి ఊడిన సరుకే అది, బయట నుంచి వచ్చిన జీవి కాదు. నొక్కిన పచ్చి ముక్కలో తొందరగా చూస్తే రెండిటికీ తేడా తెలీదు. అదే రొయ్యని సరిగ్గా ఫిక్స్ చేసి, అంటే కుళ్ళకుండా ద్రావణంతో గట్టిపరిచి, పల్చటి సెక్షన్ కోసి మామూలు హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఈయోసిన్) రంగు వేస్తే మాత్రం తేలిపోతుంది: నిజమైన గ్రెగరైన్ (ఒకే కణం ఉన్న పరాన్నజీవి) అయితే లోపల గుండ్రంగా నీలంగా న్యూక్లియస్ ఉంటుంది, ఈ ఊడిన నూగు చుట్టలో న్యూక్లియస్ ఉండదు, గులాబీ రంగు పొడుగు తిత్తిలా ఖాళీగా ఉంటుంది. ల్యాబ్‌లో అన్నిటికంటే చవకైన రంగు జంటతోనే తేలిపోయే విషయం ఇది, ఆ ఒక్క పని చెయ్యకపోవడం వల్ల చెరువు మీద మందు ఖర్చు పడుతోంది.

అందుకే స్టెయిన్ ఎంచుకోవడం అన్న మాటని సీసాల లిస్ట్ లాగా చూడకూడదు. రంగుకి పరాన్నజీవి ఏంటో తెలీదు, దానికి రసాయనం మాత్రమే తెలుసు. హెమటాక్సిలిన్ అనేది మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి వచ్చే పదార్థం, అది ఆక్సీకరణ చెంది హెమటీన్ అవుతుంది, అల్యూమినియం లవణంతో కలిస్తే పాజిటివ్ చార్జ్ వస్తుంది, డీఎన్ఏలో ఉన్న ఫాస్ఫేట్‌ని పట్టుకుంటుంది, న్యూక్లియస్ నీలంగా కనపడేది అందుకే. ఈయోసిన్ దానికి ఎదురు, ప్రొటీన్లని పట్టుకుని గులాబీ రంగు ఇస్తుంది. పాస్ అనే రంగు చక్కెర గొలుసులని, గ్లైకోజెన్‌ని పట్టుకుంటుంది. కాల్కోఫ్లోర్ కైటిన్‌ని పట్టుకుంటుంది. కాబట్టి ముందు అడగాల్సింది "ఏ పరాన్నజీవి ఉండొచ్చు, దాని గోడ దేనితో తయారైంది, లోపల ఏం దాచుకుంటుంది, ఆతిథ్య కణంలో ఎక్కడ కూర్చుంటుంది" అని. ఆ అనుమానం లేకుండా పది రంగులు వేసినా పది రంగుల స్లైడ్లు వస్తాయి తప్ప జవాబు రాదు.

ఇంకో సంగతి, స్లైడ్ పాడయ్యేది ఎక్కువగా రంగు దగ్గర కాదు, చెరువు గట్టు మీదే. హెచ్‌పీ జీర్ణ గ్రంథి, నిండా ఎంజైములే, రొయ్య ప్రాణం పోయిన కొద్ది నిమిషాల్లోనే అది తనని తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. అంతర్వేది వైపు చెరువు నుంచి థర్మాకోల్ పెట్టెలో ఐస్ వేసి భీమవరం బస్సులో పంపిన రొయ్యకి పీసీఆర్, అంటే జబ్బు క్రిమి డీఎన్ఏని వెతికే పరీక్ష, చెయ్యొచ్చు, తినడానికి కూడా బాగానే ఉంటుంది, కానీ సెక్షన్ కోసి చూస్తే గొట్టాల గోడలు ముద్దయిపోయి కణాలు ఊడిపోయి ఉంటాయి. అప్పుడు చూసేవాళ్ళకి అది విబ్రియో బాక్టీరియా వల్ల ఊడిందా, చచ్చాక ఊడిందా అన్నది చెప్పడం కష్టం. ఫ్రీజర్‌లో పెడితే మరీ ఘోరం, మంచు ముక్కలు కణాల్ని చీల్చేసి జల్లెడలా చేస్తాయి. ఏ రంగూ దాన్ని వెనక్కి తీసుకురాలేదు.

చెయ్యాల్సింది ఏంటంటే డేవిడ్సన్ ద్రావణం గట్టు మీదకే తీసుకెళ్ళాలి. లీటరుకి లెక్క ఇది: 95 శాతం ఆల్కహాల్ 330 మి.లీ., ఫార్మలిన్ 220 మి.లీ., గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ 115 మి.లీ., మిగతా 335 మి.లీ. డిస్టిల్డ్ వాటర్. జబ్బుగా ఉన్నా సరే బతికున్న రొయ్యనే ఎంచుకోవాలి, సిరంజితో ముందు హెచ్‌పీలోకే రెండు మూడు చోట్ల ఎక్కించాలి, ఆ తర్వాతే తల ముందు భాగం, తోక కండ. ఎక్కించిన చోట తెల్లబారి గట్టిపడడం కంటికే కనపడుతుంది. తర్వాత పక్కన పెంకుని కత్తెరతో తోక దగ్గర నుంచి తల దాకా పొడుగ్గా చీల్చాలి, లేకపోతే పెంకు అడ్డం పడి మందు లోపలికి పోదు, ఉత్తినే సీసాలో ముంచేస్తే బయట గట్టిపడుతుంది లోపల కుళ్ళుతుంది. రొయ్యకి పది రెట్లు ద్రావణం ఉండాలి. చిన్న రొయ్యకి 24 గంటలు, పెద్దదానికి 48 నుంచి 72 గంటలు, ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చెయ్యాలి. ఇది యాసిడ్ ద్రావణం కాబట్టి అందులోనే వారాల తరబడి వదిలేస్తే డీఎన్ఏ దెబ్బతింటుంది, తర్వాత ఆ ముక్కని మైనంలో దిగేసి చేసిన బ్లాక్ మీద ప్రోబ్ పరీక్ష (పరాన్నజీవి జన్యువుకి అతుక్కునే ముక్కతో చేసేది) చెయ్యాలంటే పనికిరాదు. పీసీఆర్ కోసమైతే వేరే సీసాలో 95 శాతం ఆల్కహాల్‌లో విడిగా హెచ్‌పీ ముక్క దాచుకోవాలి. ఫార్మలిన్ ఆవిరి కళ్ళకీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు, గాలి వచ్చే వైపు నిలబడి గ్లోవ్స్, కళ్ళజోడు పెట్టుకుని చెయ్యాల్సిన పని, సందులో మూసేసిన షెడ్‌లో చేసేది కాదు.

ఇప్పుడు అసలు దొంగ దగ్గరకి వద్దాం. కౌంట్ కదలని చెరువులో మొదటి అనుమానం ఈహెచ్‌పీ మీదే పడాలి, పూర్తి పేరు ఎంటెరోసైటోజూన్ హెపాటోపినై. 2009లో థాయ్‌లాండ్‌లో టైగర్ రొయ్య నుంచి దీనికి ఈ పేరు పెట్టారు, మన దేశంలో వెనామీ పెంపకానికి అనుమతి వచ్చింది కూడా ఆ ఏడాదే. మైక్రోస్పోరిడియా జాతిది, శిలీంధ్రాలకి దగ్గర బంధువు. దీని స్పోర్, అంటే ఒక రొయ్య నుంచి ఇంకో రొయ్యకి పాకే గింజ, పొడవు దాదాపు 1.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), వెడల్పు 0.7 మైక్రాన్, అంటే సైజులో బాక్టీరియాతో సమానం. సెక్షన్ మందమే 4, 5 మైక్రాన్లు ఉంటుంది, అందులో ఈ స్పోర్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. 40 లెన్స్ మీద ఇసక చల్లినట్టు ఏదో ఉందనిపిస్తుంది అంతే, నూనె చుక్క వేసి 100 లెన్స్ పెడితే గానీ గింజ గింజగా విడిపోదు. ఆయిల్ లెన్స్ మీద చూడకుండా "ఈహెచ్‌పీ లేదు" అని రాసిన రిపోర్ట్‌ని నమ్మకూడదు.

హెచ్ అండ్ ఈ వేసిన మంచి సెక్షన్‌లో ఏం కనపడుతుందంటే, గొట్టం గోడలోని కణంలో న్యూక్లియస్ పక్కన సైటోప్లాజంలో నీలి మబ్బులాంటి మచ్చ ఒకటి ఉంటుంది, అది స్పోర్ కాకముందు దశ, ప్లాస్మోడియం. ముదిరిన కణంలో అయితే చిన్న చిన్న గింజల గుత్తి, కొన్ని కణాలు పగిలి ఆ గింజలు గొట్టం మధ్యలోకి రాలిపోయి ఉంటాయి, రెట్టతో బయటికొచ్చి పక్క రొయ్య నోట్లోకి పోయేవి ఇవే. ఇక్కడ ఎక్కడ ఉంది అన్నది ఏ రంగు వచ్చింది అన్నదాని కంటే ముఖ్యం. ఈహెచ్‌పీ సైటోప్లాజంలో ఉంటుంది, అదే హెచ్‌పీలో ఉండే పార్వో వైరస్ మచ్చ కూడా నీలంగానే ఉంటుంది కానీ అది న్యూక్లియస్ లోపల. టైగర్ రొయ్య రోజుల్లో పనిచేసిన టెక్నీషియన్లకి మలకైట్ గ్రీన్ గుర్తుంటుంది, సీడ్ హెచ్‌పీని నొక్కి ఒక చుక్క వేస్తే ఎంబీవీ వైరస్ గుండ్లు పచ్చగా తేలేవి. ఆ అలవాటుతోనే ఇవాళ కూడా పచ్చి ముక్క నొక్కి రంగు చుక్క వేసి స్పోర్ కోసం వెతుకుతున్నారు, గట్టిగా పట్టిన చెరువులో దొరకొచ్చేమో గానీ అదే ముక్కలో కొవ్వు దాచుకునే ఆర్ కణాల బొట్లు కూడా అలాగే మెరుస్తాయి, బాక్టీరియా కూడా అదే సైజు. ఆ చూపు మొదటి అంచనాకి పనికొస్తుంది, తీర్పుకి పనికిరాదు.

మరి ఈ స్పోర్‌ని మిగతా వాటి నుంచి విడదీసే గుణం ఏంటి అంటే దాని గోడలో ఉన్న కైటిన్. అక్కడే కాల్కోఫ్లోర్ వైట్ పనికొస్తుంది. బట్టలకీ కాగితాలకీ మెరుపు తెలుపు రావడానికి వాడే పదార్థమే ఇది, అల్ట్రావయొలెట్ కాంతి వేస్తే నీలం తెలుపు కలిసిన రంగులో వెలుగుతుంది. చీకట్లో హెచ్‌పీ సెక్షన్ నల్లగా ఉండి స్పోర్లు మాత్రం చుక్కల్లా వెలిగితే కంటికి ఎంత సులువో చెప్పక్కర్లేదు, హెచ్ అండ్ ఈలో అరగంట వెతికేది ఇక్కడ రెండు నిమిషాల పని.

కానీ దీనికి మూడు చిక్కులున్నాయి, ఇవి తెలీకుండా వాడితే అబద్ధం పాజిటివ్‌లు కుప్పలుగా వస్తాయి. రొయ్య పెంకు కైటినే, మొప్పల మీద పొర కైటినే, జీర్ణాశయం లోపలి పొర కూడా కైటినే, అవన్నీ వెలుగుతాయి. హెచ్‌పీ గొట్టాలకి మాత్రం ఆ పెంకు పొర లేదు కాబట్టి అక్కడ నేపథ్యం శుభ్రంగా ఉంటుంది, ఈ రంగుకి హెచ్‌పీ సరైన చోటు అందుకే. రెట్ట మీద వేస్తే కథ మారిపోతుంది, రెట్ట చుట్టూ చుట్టుకునే సన్నటి పొరలో కైటిన్ ఉంటుంది, మేతలోని పీచు సెల్యులోజ్ కాబట్టి అదీ వెలుగుతుంది, ఆఖరికి తుడిచిన గుడ్డ నుంచి ఊడిన నూలు పోగు కూడా వెలుగుతుంది. అక్కడ వెలుతురుని చూసి కాదు, ఒకటే సైజులో ఉన్న కోడిగుడ్డు ఆకారాన్ని చూసి చెప్పాలి. ఇక మూడోది, ప్లాస్మోడియం దశకి ఇంకా కైటిన్ గోడ రాదు, అంటే పంట మొదట్లో ఇప్పుడిప్పుడే పట్టిన రొయ్యలో కాల్కోఫ్లోర్ ఏమీ చూపించకపోవచ్చు.

మైక్రోస్పోరిడియాకి పుస్తకాల్లో ఇంకా చాలా రంగులు రాసుంటాయి. కణజాలానికి వేసే గ్రామ్ రంగులో స్పోర్లు ముదురు నీలంగా రావచ్చు, వార్తిన్ స్టారీ వెండి రంగులో నల్లగా వస్తాయి, పాస్‌లో స్పోర్ కొనన ఒక చిన్న ఎర్ర చుక్క. మనుషుల మలంలో మైక్రోస్పోరిడియా కోసం 1992లో మార్చిన ట్రైక్రోమ్ వచ్చింది, క్రోమోట్రోప్ ఎక్కువ పాళ్ళలో వేసి చేసేది, అందులో స్పోర్ గులాబీగా వచ్చి మధ్యలో బెల్టు పెట్టినట్టు గీత కనపడుతుంది. ఇవన్నీ నిజమే కానీ ఒక్క మైక్రాన్ స్పోర్‌లో బెల్టు గీత కోసం చూడడం అంటే చాలా మంచి లెన్స్, చాలా ఓపికా కావాలి. వెండి రంగులు ఇంకా తిప్పలు, నీళ్ళు కొంచెం తేడా వస్తే సెక్షన్ మొత్తం నల్లబడుతుంది. మన వైపు చిన్న ల్యాబ్ డబ్బు పెట్టాలంటే మంచి 100 లెన్స్ మీదా, ఫ్లోరోసెన్స్ ఉన్న మైక్రోస్కోప్ మీదా పెట్టడమే న్యాయం. హెచ్ అండ్ ఈ, దానికి తోడు కాల్కోఫ్లోర్, ఇంకా అనుమానం ఉంటే ఈహెచ్‌పీ జన్యువుకి అతుక్కునే ప్రోబ్‌తో ఇన్ సైటు హైబ్రిడైజేషన్, ఇది కాల్కోఫ్లోర్ పట్టని తొలి దశని కూడా చూపిస్తుంది, కాకపోతే పెద్ద ల్యాబ్ పని.

పీసీఆర్ ఉండగా ఈ రంగుల గోల ఎందుకు అని అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. సీడ్ కొనేటప్పుడు, బ్రూడ్ స్టాక్ చూసేటప్పుడు పీసీఆరే చెయ్యాలి, అందులో రెండో మాట లేదు, సెక్షన్‌లో దొరకనంత తక్కువ కూడా అది పట్టేస్తుంది. అందులో కూడా ఏ జన్యువు మీద చేశారు అని అడగాలి, పాత రైబోసోమ్ జన్యువు ప్రైమర్లు దగ్గరి బంధువులైన వేరే మైక్రోస్పోరిడియాకి కూడా పాజిటివ్ ఇచ్చేవి, అందుకే 2016లో స్పోర్ గోడ ప్రొటీన్ జన్యువు మీద కొత్త పద్ధతి వచ్చింది. కానీ పెరగని చెరువులో ప్రశ్న వేరు. అక్కడ పీసీఆర్ పాజిటివ్ అంటే డీఎన్ఏ ఉంది అని మాత్రమే, గొట్టాల్లో పదో వంతు కణాలు పోయాయా, సగం పోయాయా, దానికి తోడు విబ్రియో కూడా దిగిందా అన్నది స్లైడ్ చెప్తుంది. పంట కొనసాగించాలా, ఉన్న సైజుకే పట్టేసుకోవాలా అన్న నిర్ణయానికి కావాల్సింది ఆ రెండో సమాచారం.

ఎన్ని రొయ్యలు చూడాలన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. లక్షల్లో ఉన్న చెరువులో వందకి పది రొయ్యలకి జబ్బు ఉంటే 95 శాతం నమ్మకంతో ఒక్కటైనా దొరకాలంటే దాదాపు 30 చూడాలి, వందకి అయిదే ఉంటే 60, రెండే ఉంటే 150. రెండు రొయ్యలు చూసి నెగెటివ్ అనేస్తే ఎంత మంచి రంగు వేసినా లాభం లేదు.

చేపల వైపు కొంచెం హాయి. ఉండి, ఆకివీడు వైపు శీలావతి, బొచ్చె మొప్పల మీద తెల్లటి పొక్కులు వస్తే అది మిక్సోబోలస్ అనే పరాన్నజీవి అయ్యే అవకాశం ఎక్కువ, స్పోర్ పది మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి పొక్కు చిదిమి నీళ్ళ చుక్కలో చూసినా రెండు గోళీలు పక్కపక్కన పెట్టినట్టు దాని పోలార్ క్యాప్సూల్స్ కనపడతాయి. సెక్షన్‌లో జీమ్సా అనే రంగు వేస్తే ఆ క్యాప్సూల్స్ ముదురుగా పట్టుకుని ఇంకా స్పష్టం. మొప్పల మీద ఉండే ఏకకణ పరాన్నజీవి ట్రైకోడైనా జాతి తేల్చాలంటే మాత్రం సెక్షన్ అక్కర్లేదు, మొప్ప గీకి ఆరబెట్టిన స్మియర్ మీద 2 శాతం సిల్వర్ నైట్రేట్ వేసి వెలుతురులో పెడితే దాని పళ్ళ చక్రం నల్లగా అచ్చు పడుతుంది. ఆ ముక్కని ఫార్మలిన్‌లో వేసి పంపితే ఈ రంగు పని చెయ్యదు, అందుకే ఏం వెతుకుతున్నామో ముందే అనుకోవాలి అనేది.

మనుషుల కణజాలంలోనూ తర్కం ఇదే. చెరువు స్నానాలు ఉన్న ఊళ్ళల్లో ముక్కులోంచి రక్తం కారుతూ స్ట్రాబెర్రీలా ఎర్రటి కండ పెరిగి వచ్చేవాళ్ళు ఉంటారు, రైనోస్పోరిడియోసిస్, దక్షిణ భారతం, శ్రీలంకలోనే ఎక్కువగా కనపడే జబ్బు. దాని తిత్తులు వంద మైక్రాన్లు దాటి ఉంటాయి, లోపల వేల స్పోర్లు, హెచ్ అండ్ ఈలో తక్కువ లెన్స్ మీదే దొరికిపోతుంది, ప్రత్యేక రంగు అడగడం వృథా ఖర్చు. పెద్ద పేగు ముక్కలో అమీబా అయితే ఎదురు కేసు, హెచ్ అండ్ ఈలో అది మామూలు మాక్రోఫేజ్‌లా (క్రిముల్ని మింగే మన రక్షణ కణం) మోసం చేస్తుంది, దాని లోపల గ్లైకోజెన్ ఉంటుంది కాబట్టి పాస్ వేస్తే ముదురు మెజెంటాలో బయటపడుతుంది. మాక్రోఫేజ్ కూడా కొంచెం పట్టుకుంటుంది, అందుకని చిన్న గుండ్రటి న్యూక్లియస్, లోపల మింగిన ఎర్ర రక్తకణాలు కూడా చూసుకోవాలి. విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అయితే యాసిడ్ ఫాస్ట్ రంగు, మలంలో 4 నుంచి 6 మైక్రాన్ల ఎర్ర గుండ్లు. రంగు పట్టకపోవడం కూడా ఒక్కోసారి జవాబే: మాక్రోఫేజ్‌లో చిన్న గింజలు ఉన్నప్పుడు వెండి రంగు పట్టిందంటే హిస్టోప్లాస్మా అనే ఫంగస్, పట్టలేదు, జీమ్సాలో న్యూక్లియస్ పక్కన ఇంకో చిన్న పుల్ల కనపడింది అంటే లీష్మానియా.

గోదావరి జిల్లాలకి బోదకాలు కొత్త కాదు, రాజమండ్రిలో ఫిలేరియా శిక్షణా కేంద్రం పెట్టింది ఊరికే కాదు. రాత్రి తీసిన రక్తం స్మియర్‌లో మైక్రోఫిలేరియా, అంటే బోదకాలు పురుగు పిల్లల కోసం అందరూ జీమ్సా వేస్తారు, అది పురుగుని, లోపలి న్యూక్లియస్ వరసని బాగా చూపిస్తుంది, కానీ మన దగ్గర ఉండే బాంక్రాఫ్టి రకం మీద ఉన్న తొడుగు జీమ్సాలో రంగు పట్టదు, ఇంకో బోదకాలు పురుగు బ్రూజియా మలయి తొడుగైతే గులాబీగా పడుతుంది. తొడుగు కనపడలేదు కాబట్టి ఇది వేరే పురుగు అని అనుకుంటే పొరపాటు, హెమటాక్సిలిన్ వేస్తే ఆ తొడుగు కూడా లేతగా కనపడుతుంది. అలాగే రక్తం ఎక్కువున్న ముక్కని బఫర్ లేని ఫార్మలిన్‌లో వేస్తే గోధుమ నలుపు పొడి లాంటి మచ్చలు మిగిలిపోతాయి, చాలామంది దాన్ని మలేరియా పిగ్మెంట్ అనుకుంటారు. రొయ్యకి హిమోగ్లోబిన్ లేదు కాబట్టి డేవిడ్సన్ యాసిడ్ అయినా ఈ బాధ అక్కడ రాదు.

డెల్టాకి ప్రత్యేకమైన తలనొప్పి ఇంకొకటి, నీళ్ళు. జీమ్సాకి పీహెచ్ 7.2 బఫర్ ఉండాలి. వేసవిలో కాలవలు కట్టేశాక ట్యాంకులో బోరు నీళ్ళు పోస్తారు, సముద్రం వైపు ఊళ్ళల్లో అవి ఉప్పగా క్షారంగా ఉంటాయి, ఆ నీళ్ళతో కలిపిన జీమ్సా మొత్తం నీలంగా తిరిగిపోతుంది, ఎర్రగా రావాల్సిన న్యూక్లియస్ రాదు. హెచ్ అండ్ ఈలో నీలం తేలడానికి చేసే ట్యాప్ వాటర్ కడుగుడు కూడా అంతే, నీళ్ళు మారితే నీలం మారుతుంది, దానికి బదులు సోడియం బైకార్బొనేట్, మెగ్నీషియం సల్ఫేట్ కలిపిన స్కాట్ ద్రావణం చేసిపెట్టుకుంటే ఏడాది పొడుగునా ఒకేలా ఉంటుంది.

ఇవన్నీ కుదిరాయో లేదో తెలిసేది కంట్రోల్ స్లైడ్‌తోనే. ఈహెచ్‌పీ గట్టిగా ఉందని ప్రోబ్‌తోనో పీసీఆర్‌తోనో ఖాయం చేసుకున్న ఒక హెచ్‌పీ మైనపు బ్లాక్‌ని ల్యాబ్‌లో దాచుకోవాలి, రంగు వేసిన ప్రతిసారీ దాన్నుంచి ఒక సెక్షన్ కోసి మిగతా వాటితో పాటు అదే గిన్నెల్లో ముంచాలి, శుభ్రమైన రొయ్య సెక్షన్ ఇంకొకటి పక్కన పెట్టాలి. ముందు ఆ రెండిటినీ చూడాలి. ఉందని తెలిసిన దాంట్లో స్పోర్ కనపడలేదంటే ఆ రోజు రైతుల స్లైడ్లకి నెగెటివ్ రాయకూడదు, బ్లాకుల నుంచి మళ్ళీ కోసి రంగు మళ్ళీ వెయ్యాలి.